పెద్దకూర: మన వంటకుండ చరిత్రము



ప్రతివత్సరమును మన మహాసభకు పూర్వము కార్యనిర్వాహకవర్గమువారు భోజనశాల విషయమై సమావేశమగుట ఆచారము. ఈ యేడు ఆ సమావేశమున నొక ప్రశ్న పుట్టినది. సభాదినమున మధ్యాహ్నభోజనమునకు పెద్దకూర వండవచ్చునా, కూడదా? “మన యింటి పండుగకు మన యింటి కూర లేకుండుట యెట్లు?” అని కొందరును, “అతిథులుగా వచ్చు పెద్దలు చూచి యేమనుకొందురు?” అని కొందరును వాదించిరి. యువకులొక ప్రక్కను, ఉద్యోగులొక ప్రక్కను చేరిరి. నిర్ణయము కాకయే సమావేశము ముగిసినది. ఈ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుమని మమ్ము కోరినపుడు, రాజుల చరిత్రమును, కోటల చరిత్రమును విడిచి, ఈ కుండ చరిత్రమునే వ్రాయుట యుచితమని తోచినది. తెలిసి నిర్ణయించుట వేరు, వెఱచి నిర్ణయించుట వేరు. తెలిసికొనుటకు తోడ్పడుటయే మా యుద్దేశము.

ఖమ్మము మొదలుకొని పాల్వంచ, బూర్గంపాడు, భద్రాచలము, దుమ్ముగూడెములవరకు గల యీ యడవియంచున ఎద్దు, దున్న మున్నగు పెద్దపశువుల మాంసమును పెద్దకూర యందురు. మేక, గొఱ్ఱె మాంసము చిన్నకూర. ఆ పేరునందే కొంత చాటు కలదు. అసలు పేరు నలుగురిలో పలుకుటకు జంకి మన పెద్దలు ఈ మాటను వాడుకచేసికొనిరి. ఇంటిలో కమ్మగా తిని, వీధిలో పేరు మార్చి చెప్పుట మన కలవాటైపోయినది. మా బాల్యమున మేమును అట్లే చేసితిమి. కూర వండిన మరునాడు బడికి పోవునపుడు మా యమ్మ చేతులు బూడిదతో రుద్ది కడిగి పంపెడిది. వాసన పోవలెనని యామె భయము. ఎవరికి భయపడవలెనో ఆ వయసున మాకు తెలియదు. భయపడవలెనని మాత్రము తెలిసినది.

ముందుగా వంట సంగతి చెప్పెదము. చరిత్రమంతయు ఆ వంటలోనే కలదు. ఆరుగురు గల కుటుంబమునకు ఎముకతో గూడిన మాంసము ఒక కిలో చాలును. ముక్కలను రెండు మూడు నీళ్ల కడిగి, ఉప్పు, పసుపు పట్టించి కొంతసేపుంచుదురు. కుండలో నూనె కాగిన పిమ్మట ఉల్లిపాయలు ఎఱ్ఱబడువరకు వేయించి, దంచిన అల్లము, వెల్లుల్లి వేసి, ఆపై మాంసము వేసి మూతపెట్టుదురు. మాంసము తన నీటిలో తాను మగ్గి, ఆ నీరింకిన తరువాత కారము వేసి కలిపి, ముక్కలు మునుగునట్లు వేడినీరు పోయుదురు. చన్నీరు పోయరాదని మా నాయనమ్మ శాసనము. అటుపైని మంట తగ్గించి, రెండు గంటలో మూడు గంటలో సన్నని సెగపై నుడికింపవలెను. ముక్క వ్రేళ్ల నడుమ విడిపోవునపుడు ధనియాలపొడి, పుంటికూర, అనగా గోంగూర, వేసి కొంచెముసేపుంచి దింపుదురు. పులుపు ముందే వేయరు. జొన్నరొట్టెతోగాని, జొన్నగటుకతోగాని తినుట పూర్వపు వాడుక, నేడు వరియన్నము. మసాలాదినుసులు స్వల్పము. లవంగము, దాల్చినచెక్క మన పూర్వుల కందుబాటులో లేవు. ఉప్పు, కారము, పసుపు, పులుపు, కట్టెలు, ఓపిక: ఇవియే మన వంటసామగ్రి.

ఇంత సేపుడికించుట యెందుకు? నాగటికి, బండికి, మోటకు ఏండ్లతరబడి పనిచేసిన పశువు కండ గట్టిగా నుండును. ఆ కండలను పట్టియుంచు నారపదార్థము మంద్రమైన వేడిలో గంటలకొలది నుడికినగాని జిగురై కరగదు. పెద్దమంటపై తొందరగా వండినచో ముక్క బిగిసికొనిపోవును. ఈ సంగతిని నేటి ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. శాస్త్రము చదువని మన తల్లులు, అమ్మమ్మలు దానిని చేతితో నెఱుగుదురు. “కుండను తొందరపెట్టకు బిడ్డా, అదే చెప్తది” అని మా నాయనమ్మ యనెడిది. ఎముకలనుండి దిగిన జిగురుతో పులుసు చిక్కబడును. ఒక ముక్కయు, రెండు గరిటెల పులుసును ఉన్నచో నలుగురు పిల్లలు కడుపునిండ తినగలరు. లేమిలో పుట్టిన నేర్పు ఇది.

అన్ని ముక్కలును ఒకనాడే తినుటకు వీలుకాదు. అందువలన మిగిలిన మాంసమును సన్నని పొడుగు పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు రాచి, త్రాళ్లపై నెండలో నారవేసి, గలగలలాడునట్లు ఎండిన పిమ్మట కుండలలో దాచుదురు. ఇవియే ఎండుతునకలు. వానకాలమున కూలి దొరకని దినములలో వానిని వేడినీట నానబెట్టి, దోసకాయతోనో, చిక్కుడుతోనో వండుకొనుట కలదు. ధనికుని గాదెలో ధాన్యమెట్లో, మన గుడిసెలో తునకల కుండ యట్లు.

ఇక ఈ మాంసము మన యింటికి వచ్చిన దారిని చూతము. పూర్వము ప్రతి మాదిగ కుటుంబమునకును కొన్ని రైతుకుటుంబములతో సంబంధముండెడిది. రైతు గొడ్డు చనిపోయినచో దానిని ఊరిబయటికి ఈడ్చుకొనిపోవుట మన విధి. చర్మమును ఒలిచి, లందలో సున్నపునీటను, తంగేడుచెక్క నీటను ఊనించి, తోలుచేసి, ఆ తోలుతో రైతునకు చెప్పులు, వార్లు, మోటబొక్కెన, దాని తొండము కుట్టి యియ్యవలెను. కళ్లమునొద్ద మనకు దొరకునది మేర, అనగా కొలత ధాన్యము. ఆ చచ్చిన గొడ్డు మాంసము మన పాలు. కావున ఆ మాంసము దానము కాదు, దొంగిలించినది కాదు. చేసిన పనికి కూలి. అయితే ఆ కూలి యెట్టిది? రొక్కము కాదు, భూమి కాదు, ఇతరు లెవ్వరును ముట్టని వస్తువు. పనిని తీసికొనువారు తోలును ముట్టిరి, బొక్కెనతో తోడిన నీటిని త్రాగిరి, ఆ నీటితో పండిన వరిని తినిరి. తోలు శుద్ధమైనది, తోలు తీసినవాడు అశుద్ధుడైనాడు. లంద వాసన మన గుడిసెకు మాత్రమే మిగిలినది.

ఈ యన్యాయమును మన పురాణమే వింతగా దాచియుంచినది. మన చిందువారు, డక్కలివారు చెప్పు జాంబవపురాణమును వినని పెద్దలు మనలో లేరు. కామధేనువు కథలో పాఠభేదములు కలవు. మనము తరచుగా వినునది యిది. కామధేనువు చనిపోగా, దానిని కోసి విందు సిద్ధముచేయుమని దేవతలు మన మూలపురుషుడైన జాంబవుని నియోగించిరి. కుండ పొంగునపుడు ఒక ముక్క క్రిందపడినది. దగ్గరనున్న చెన్నయ్య దానిని తీసి, నోటితో ధూళి నూది, మరల కుండలో వేసెను. ఎంగిలియైనదని దేవతలు కోపించి, వానిని వాని సంతతిని శపించిరి. ఆ సంతతియే మాలవారని చెప్పుచు, మనము వారికంటె నధికులమని ఛాతి విరుచుకొనుట మనవారి వాడుక.

ఈ కథను మేము ఏబదియేండ్లుగా వినుచున్నాము. వృద్ధాప్యమున మాత్రమే మాకు దీనిలోని యసలు సంగతి కానవచ్చినది. విందు కోరినవారెవరు? దేవతలు. కోయుమన్నవారెవరు? దేవతలు. పొయ్యియొద్ద పొగ మ్రింగినవాడు జాంబవుడు. జారిన ముక్క పాడుకాకూడదని యెత్తినవాడు ఒక పిల్లవాడు. శాపము మాత్రము పంక్తిలో కూర్చున్నవారిపై పడలేదు. కుండయొద్ద నున్నవారిపై పడినది. అంతియేకాదు, ఒకే కుండచుట్టును నిలిచిన యిద్దరు అన్నదమ్ములను ఆ శాపము విడదీసినది. మాలమాదిగల తగవునకు మూలము మనము వండిన కూర కాదు. తినగోరి, తప్పును వండువారిపై నెట్టిన విందు. ఈ కథను మనము గర్వముగా కాక, ఎఱుకతో చెప్పుకొనవలసియున్నది.

మనమొక్కరమే దీనిని తినువారమను భ్రమయు కూడదు. మన యడవియంచు పొరుగువారగు కోయలను చూడుడు. గోదావరి యొడ్డున దుమ్ముగూడెములో నుండిన జాన్ కెయిన్ అను క్రైస్తవబోధకుడు 19వ శతాబ్దమున కోయల యాచారములను వ్రాసియుంచెను. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున వానిని చేర్చెను. కోయలు ఆవును, ఎద్దును తినుటయేకాక, ఒకరు చనిపోయినపుడు గొడ్డును కోసి, దాని తోకను శవముచేతిలో నుంచు నాచారము కలదని అందు వ్రాయబడినది. వారి నాట్యమున పురుషులు అడవిదున్న కొమ్ములను తలపై ధరించుట నేటికిని చూచుచున్నాము. ఆ గోదావరి కొండలలోనే నివసించు కొండరెడ్లు మాత్రము ఈ మాంసమును ముట్టరు. 1945లో కొండరెడ్లనుగూర్చి గ్రంథము వ్రాసిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ భేదమును గుర్తించెను. ఒకే యడవి, ఒకే నది, ఒకే కరవు. ఒకరు తిందురు, ఒకరు తినరు. అడవిలో నిది ఆచారభేదము మాత్రమే. ఊరిలో నిది యంటరానితనమునకు సాకైనది.

ఇక సంస్కృతగ్రంథముల సంగతి. మేము ప్రాచ్యకళాశాలలో చదువుకొన్నవారము కావున దీనిని విడువలేము. భవభూతి రచించిన ఉత్తరరామచరితము నాల్గవ యంకము మాకు పాఠముగా నుండెను. అంకారంభమున వాల్మీకి యాశ్రమములోని శిష్యు లిద్దరు మాటలాడుకొందురు. వసిష్ఠుడు అతిథిగా వచ్చినందున పెయ్యదూడను కోసిరని సౌధాతకి యనువాడు పరిహాసమాడును. శ్రోత్రియుడైన యతిథికి మాంసముతో గూడిన మధుపర్క మియ్యవలెనని ధర్మసూత్రకారులు చెప్పిరని రెండవవాడైన దండాయనుడు బదులు చెప్పును. మాకు పాఠము చెప్పిన యాచార్యులు ఆ రెండు పుటలను త్వరత్వరగా దాటించి, “ఇది పరీక్షకు రాదు” అనిరి. మేము తల వంచుకొని కూర్చుంటిమి. ఆ తరగతిలో ఆ కూర రుచి యెఱిగినవాడను మేమొక్కరమే. ఆ పుటలను చదువుటకు సిగ్గుపడినవారు వారు. తల వంచుకొన్నవారము మేము. ఇది మాకు చిరకాలము అర్థము కాలేదు.

పాణిని తన వ్యాకరణమున అతిథి యనునర్థమున గోఘ్నశబ్దమును సాధించెను. చరకుడు ఆహారద్రవ్యములను వివరించుచు గోమాంసము కొన్ని వాతరోగములకు, పొడిదగ్గునకు, శ్రమచే చిక్కినవారికి హితమని చెప్పెను. బృహదారణ్యకము తుది యధ్యాయమున, పండితుడైన పుత్రుని గోరు దంపతులకు ఎద్దుమాంసముతో కలిపి వండిన యన్నము విధింపబడినది. పిమ్మటి కాలమున స్మృతులు దీనిని కలివర్జ్యములలో చేర్చినవి. ఇవి యెవ్వరిని నిందించుటకు చెప్పుచున్న మాటలు కావు. ఆహారము కాలముతో మారును. ఒకప్పుడు తిన్నవారు మానవచ్చును. మానుట తప్పు కాదు. కాని తాము మానిన వస్తువును తినుచున్నాడని మఱియొకని మానవత్వమునే కాదనుట తప్పు.

డాక్టరు అంబేద్కరుగారు 1948లో ప్రకటించిన అంటరానివారి గ్రంథమున ఈ విషయమునే విచారించిరి. చెల్లాచెదరై ఊరిబయట కాపురమున్న పేదలు గోవు పవిత్రమైన తరువాతను చచ్చిన గొడ్డు మాంసమును మానలేకపోయిరనియు, క్రీ.శ. 400 ప్రాంతమున అస్పృశ్యత యట్లు స్థిరపడెననియు వారి సిద్ధాంతము. ఆ మహనీయులే 1927లో మహాడ్ సభలో చచ్చిన పశువుల మాంసమును విడువుడని మన సోదరులకు బోధించిరి. మన హైదరాబాదులో ఆదిహిందూ ఉద్యమమును నడపిన భాగ్యరెడ్డివర్మగారు (1888–1939) మద్యమాంసములను మానుడని ప్రచారము చేసిరి. ఈ బోధలను మన పెద్దలు కొందరు విని, తునకల కుండలను పగులగొట్టిరి. అది యవివేకము కాదు. చచ్చిన గొడ్డు ఏ రోగముచే చచ్చినదో యెవరికి తెలియును? దొమ్మరోగపు బీజము ఉడికించినంతమాత్రమున నశించునను నమ్మకము లేదు. ఒలుచునపుడే చేతి గాయముద్వారా ప్రాణము తీయగలదు. ఆరోగ్యముకంటెను ముఖ్యమైనది మఱియొకటి కలదు. చచ్చిన గొడ్డును తినుట మానినపుడు, దానిని మోయుటకు కట్టుబడియుండు వెట్టియు తెగిపోవును. ఆ మాంసమును కాదనుట రుచిని కాదనుట కాదు. ఆ బానిసకూలిని కాదనుట.

ఇచ్చటనే మనవారు ఒక భేదమును మరచుచున్నారు. మన పెద్దలు త్రోసివేసినది బలవంతముగా మనపాలు చేయబడిన కళేబరము. కష్టించి సంపాదించిన రొక్కముతో సంతలో కొనిన శుభ్రమైన మాంసము వేరు. మన జిల్లాలో ఈ మార్పు వచ్చిన త్రోవయు స్మరింపదగినది. 1889లో ఇల్లందునొద్ద బొగ్గుగనులు తెరవబడినవి. గనిలో దిగినవానికి కూలి రొక్కముగా చేతికి వచ్చినది. మేర గింజలకు దొరయింట చేయి చాపనక్కరలేని మనిషి కోరిన కూరను కొని తెచ్చుకొనగలడు. వారాంతమున గనికార్మికుని యింట నుడికిన కుండకును, అతని తాత యింట నుడికిన కుండకును వాసన యొక్కటే కావచ్చును. గౌరవము మాత్రము వేరు.

చట్టమునుగూర్చియు చెప్పవలెను. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధనిషేధ, పశుసంరక్షణ చట్టము ఆవును వధించుటను నిషేధించినది. ఎద్దులు, దున్నలు, బఱ్ఱెలు మున్నగు పశువులను అధికారి పరీక్షించి యోగ్యతాపత్ర మిచ్చిన పిమ్మటనే వధింపవలెను. మన సభలో వండునది దున్నమాంసమే కావలెను, అనుమతిగల దుకాణమున కొన్నదే కావలెను. ఈ కూరకొఱకు మన పిల్లలు ప్రమాదమున పడరాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయమున విద్యార్థులు పెద్దకూర పండుగ జరుపగా కొట్లాటలు జరిగిన సంగతి మనకు తెలియును. ఆ యువకుల రోషము మాకు తెలియకపోలేదు. అయినను మేము కోరునది పంతముతో తినుట కాదు, చాటుగా తినుట కాదు. నిర్భయముగా, నిర్మలముగా తినుట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. సభలో వండవలెనా, వద్దా? మా యభిప్రాయమును ఆ నాల్గవ యంకమే చెప్పుచున్నది. ఆ యాశ్రమమునకు వసిష్ఠుడు మాత్రమే కాదు, జనకమహారాజును వచ్చెను. జనకుడు మాంసము విడిచినవాడు. కావున ఆయనకు పెరుగు, తేనెలతోనే మధుపర్క మిచ్చిరని ఆ శిష్యుల మాటలవలన తెలియును. ఒకే యాశ్రమము, ఒకే దినము, ఇద్దరు పూజ్యులైన యతిథులు. ఎవరి నియమము ననుసరించి వారికి వడ్డన. వసిష్ఠుని చూచి జనకుడు లేచిపోలేదు. జనకునికొఱకు వసిష్ఠుని విస్తరి మార్చలేదు. రాముడు నడచిన నేలయని చెప్పుకొను మన భద్రాద్రిసీమలో ఇంతకంటె మంచి మేలుబంతి యేది?

కాబట్టి భోజనశాలలో రెండు పొయ్యిలు పెట్టుడు. ఒకదానిపై పప్పు, కూరగాయలు, రెండవదానిపై పెద్దకూర. మనలోనే మాంసము మానినవారు, మాల ధరించినవారు, వ్రతములు పట్టినవారు కలరు, వారిని వెక్కిరింపరాదు. తినువారు గోడచాటునకు పోనక్కరలేదు. అతిథులకు ఏది యేదో ముందుగా చెప్పి వడ్డింపుడు. మాల సోదరులను పేరుపేరున పిలిచి, ఆ కుండయొద్దనే గరిటె చేతి కియ్యుడు. ముక్క క్రిందపడినచో ఎవరైనను ఊది తీయవచ్చును. శపించుటకు ఎవరును లేరు. వంట బాధ్యతను మగవంటవారికి గుత్త కియ్యక, మన వృద్ధస్త్రీలను నలుగురిని పీటవేసి కూర్చుండబెట్టి, వారు చెప్పినట్లు చేయుడు. నీరెప్పుడు పోయవలెనో, మంట యెప్పుడు తగ్గింపవలెనో వారు చెప్పుచుండగా మన యాడపిల్లలును, మగపిల్లలును విని నేర్చుకొందురుగాక. ఆ వృద్ధురాండ్రు పోయిన పిమ్మట ఈ విద్య యే గ్రంథములోను దొరకదు.

మా యమ్మ ఇప్పుడు లేదు. ఆమె బూడిదతో రుద్దిన మా చేతులతోనే ఈ వ్యాసము వ్రాసితిమి. మన మనుమలు సభనుండి ఇంటికి పోయి, మరునాడు బడిలో “నిన్న యేమి తింటివి?” అని తోడివా రడిగినపుడు పేరు మార్చక చెప్పగలిగిన దినమున మన సభ సఫలమైనదని మేము తలంతుము.

అందరికిని శుభమగుగాక.